తిండి వేళ తప్పడం ఎంతవరకు అలవాటు, ఎక్కడినుంచి జబ్బు?

మినపగారె · జనవరి 16, రాత్రి 11.20

మాది తెనాలి. మా అమ్మాయి విజయవాడలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. సంక్రాంతికి ఇంటికి వచ్చింది. గుమ్మంలో చూడగానే చదువు వల్ల చిక్కిపోయిందనుకున్నాను.

కనుమ నాడు మినుము తినాలంటారు కదా. మా ఇంట్లో గారెలు, కోడికూర లేని కనుమ లేదు. చిన్నప్పటినుంచి పొయ్యి పక్కనే నిలబడి, బాణలిలోంచి తీసిన గారె తీసినట్టే ఊదుకుంటూ తినే పిల్ల. నిన్న మూడు గారెలు కంచంలో వేయించుకుంది. అందరితో కూర్చుంది, కబుర్లు చెప్పింది, చెయ్యి కడుక్కుంది. రాత్రి పక్క దులుపుతుంటే దిండు గలీబులో కాగితపు నాప్కిన్‌లో చుట్టిన గారెలు దొరికాయి. మూడూ ఉన్నాయి. ఒకదాని అంచున మాత్రం పంటి గాటు ఉంది.

నేను ఇంకా ఏమీ అనలేదు. మధ్యాహ్నం ఎందుకు తినడం లేదని మాత్రం అడిగాను. "హాస్టల్లో ఆకలి వేళలు మారిపోయాయి అమ్మా" అంది. అది అబద్ధమూ కాదు. తెల్లవారుజామున అయిదింటికి లేపుతారు, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు. మధ్యాహ్నం మానేసి రాత్రి ఒక్కపూట తింటుందట. మంగళవారం, శనివారం ఉపవాసం. ఈమధ్య సోమవారం కూడా మొదలుపెట్టింది.

హాస్టల్ పిల్లలకు వేళలు తప్పడం మామూలే. అది ఏ గీత దాటితే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి? మావారు పరీక్షలు అయ్యాక చూద్దామంటున్నారు. ఎల్లుండి దిగబెట్టి రావాలి.

ఉప్పుమిరప · జనవరి 16, రాత్రి 11.41

గారె దాచుకోవడం జబ్బా అమ్మా? మెస్ తిండికి అలవాటుపడిన నాలుకకు నూనె వంట ఎక్కి ఉండదు. మీరు నొచ్చుకుంటారని దాచింది. మా కాలంలో హాస్టల్ పిల్లలం అందరం ఎముకల గూళ్లమే. పరీక్షలు కానివ్వండి. వేసవిలో కొత్తావకాయ కలిపి పెడితే నెలలో కోలుకుంటుంది.

వేదిక నిర్వాహకులు · జనవరి 17, ఉదయం 6.15

తిండికి సంబంధించిన చర్చలన్నిటికీ ఉన్న నియమమే ఇక్కడా. ఎవరి బరువూ, నడుము కొలతా, క్యాలరీల లెక్కా రాయవద్దు. చదివేవాళ్లలో కొందరికి ఆ అంకె అందుకోవాల్సిన గురి అయిపోతుంది. ఎలా గుర్తుపట్టాలన్నది రాయండి, ఎలా చేస్తారన్నది రాయవద్దు.

మూడోషిఫ్టు · జనవరి 17, ఉదయం 6.50

ఇప్పుడే ఉద్యోగం నుంచి వచ్చి చదివాను. నేను హైదరాబాద్‌లో, గచ్చిబౌలి దగ్గర ఏడేళ్లుగా రాత్రి పని. మధ్యాహ్నం మూడింటికి లేచి టిఫిన్, రాత్రి పదింటికి భోజనం, తెల్లవారుజామున చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. సెలవు రోజున మాత్రం ఇంట్లోవాళ్లతో పాటే ఒంటిగంటకు తింటాను. వేళ తప్పడమే జబ్బయితే మా అంతస్తు మొత్తం ఆసుపత్రిలో ఉండాలి.

నాడిచూసేచెయ్యి · జనవరి 17, ఉదయం 8.05

ఇరవై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా చేశాను. మూడోషిఫ్టు గారూ, మీ వేళలను మార్చింది మీ ఉద్యోగం. సెలవు వస్తే మీ తిండి ఇంటివాళ్ల వేళకు సర్దుకుంటోంది. దానికి నేను జబ్బు పేరు పెట్టను.

మినపగారె గారూ, పూటలు లెక్కపెట్టి ఏదీ తేలదు. ఒంటిపూట తినేవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. చూడాల్సింది ఆ నియమం వంగుతుందా లేదా అని. అలవాటైతే పండగ వస్తే, చుట్టం వస్తే, గట్టిగా ఆకలేస్తే వంగుతుంది. జబ్బైతే మనిషే దాని చుట్టూ వంగుతుంది. తినాల్సిన చోటికి వెళ్లదు. వెళ్లాల్సి వస్తే అబద్ధం చెబుతుంది. తిన్న ముద్దకు ఏదో ఒక జరిమానా కట్టుకుంటుంది, మర్నాడు పస్తుండో, అదేపనిగా వ్యాయామం చేసో.

అమ్మాయి ఇంట్లో ఉండగానే కొన్ని గమనించండి. కూర్చుని లేస్తే కళ్లు చీకట్లు కమ్ముతున్నాయా? మిగతావాళ్లకు చలి లేని వేళ తను స్వెటర్ తీయడం లేదా? నెలసరి ఎన్నాళ్లుగా రాలేదు? దువ్వెన నిండా జుట్టు వస్తోందా, చేతుల మీద, వీపు మీద కొత్తగా సన్నని నూగు పెరిగిందా? భోజనం కాగానే ప్రతిసారీ బాత్రూంలోకి వెళ్లి కొళాయి తిప్పి ఉంచుతోందా? చెవుల కింద దవడలు ఉబ్బడం, వేళ్ల కణుపుల మీద కాయలు కాయడం, పళ్లు జివ్వుమనడం వాంతుల గుర్తులు. వాంతుల వల్ల ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. చూడటానికి బొద్దుగా ఉన్న పిల్లకూ ఆ ప్రమాదం ఉంటుంది. ఇది చాలామందికి తెలియదు, ఒక్కోసారి మా డ్యూటీ డాక్టర్లకు కూడా గుర్తుకు రాదు.

మణికట్టు పట్టుకుని నిండా ఒక నిమిషం నాడి లెక్కపెట్టండి. పగలు, కదలకుండా కూర్చున్నప్పుడు యాభైకి తక్కువ వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మూర్ఛపోయినా, ఛాతీలో దడ అన్నా అంతే.

మన దగ్గర చిక్కిపోయిన పిల్లలో మొదట వెతకాల్సింది క్షయ, థైరాయిడ్, షుగర్. జనరల్ ఫిజీషియన్ చేత ముందు అవి చూపించండి. అవి కావని తేలడమూ సగం పని అయినట్టే.

హనుమకొండచెల్లి · జనవరి 17, మధ్యాహ్నం 12.30

మినపగారె అక్కా, మీరు రాసినదాంట్లో గారెల కన్నా నన్ను పట్టి ఆపింది ఆ సోమవారం.

నేను హనుమకొండ పిల్లను, ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాను. ఇంజినీరింగ్ రెండో ఏడాది నుంచి నాలుగేళ్లు అనొరెక్సియాతో, అంటే తిండి మానుకుని ఒంటిని ఎండగట్టుకునే జబ్బుతో ఉన్నాను. మా ఇంట్లో నా జబ్బుకు భక్తి అని పేరు. మొదట శనివారం. తర్వాత సాయిబాబాకు గురువారం. తర్వాత ఏకాదశులు, సంకష్టహర చతుర్థి. ఇంకా ఏ రోజు దొరుకుతుందా అని వంటింటి గోడకు వేలాడే తిథుల క్యాలెండరు ముందు నిలబడేదాన్ని. అంత మంచి సాకు నాకు ఇంకెక్కడా దొరకలేదు. "ఈ కాలంలో ఇంత నిష్ఠ ఎవరికి ఉంది" అని మా నాయనమ్మ ఇరుగుపొరుగుకు చెప్పుకుని మురిసేది.

కార్తీక సోమవారాలు ఆమె కూడా ఉండేది, నేనూ ఉండేదాన్ని. పొద్దు వాలేసరికి ఆమె వాకిట్లో నిలబడి మబ్బులను తిడుతూ చుక్క కోసం చూసేది. చుక్క కనబడగానే దీపం పెట్టి, పప్పు, నెయ్యి కలుపుకుని మొదటి ముద్ద కళ్లు మూసుకుని తినేది. నేనేమో చుక్క కనబడకూడదని మొక్కుకునేదాన్ని. వ్రతం ఒకటే, వంటా ఒకటే. మీ అమ్మాయి ఉపవాసం ఎలా ఉంటోందని కాదు, ఎలా విడుస్తోందో చూడండి అక్కా.

నా సంగతి బయటపడింది కంచం దగ్గర కాదు. మా పిన్ని కూతురి పెళ్లికి తలనొప్పి అని వెళ్లలేదు. ప్రాణంలా చూసుకునే చెల్లెలు అది. బంతిలో కూర్చుంటే అందరి ముందూ విస్తరిలో వడ్డిస్తారు, తప్పించుకునే దారి లేదు. అందుకే వెళ్లలేదు. పెళ్లి నుంచి వచ్చాక మా అమ్మ నా గది గుమ్మంలో చాలాసేపు నిలబడింది. ఆ మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్లాం.

చార్మినార్_ఖాలా · జనవరి 17, మధ్యాహ్నం 1.10

రంజాన్ ఉపవాసాల్లోనూ ఇంతే బేటీ. మగ్రిబ్ అజాన్‌కు పది నిమిషాల ముందునుంచే మా పిల్లలు దస్తర్‌ఖాన్ చుట్టూ ఖర్జూరాలు చేతిలో పట్టుకుని కూర్చుంటారు. మా తమ్ముడి కూతురు మాత్రం ఆ వేళకు నమాజు చాప మీదే ఉండిపోయేది. పండగ అయ్యాక కూడా నెలల తరబడి రోజాలు ఆపలేదు. జబ్బుపడినవాళ్లకు రోజా నుంచి మినహాయింపు ఉందన్న మాట డాక్టర్ చెబితే వినలేదు. మౌలానా చేత చెప్పిస్తే విన్నది. ఎవరి మాట చెల్లుతుందో చూసుకుని వాళ్ల చేత చెప్పించాలి.

మినపగారె · జనవరి 17, రాత్రి 9.35

నాడి రెండుసార్లు లెక్కపెట్టాను. 52, 54 వచ్చాయి. నెలసరి ఎప్పుడు వచ్చిందంటే "సెప్టెంబరు" అంది, గోడ వైపు చూస్తూ. హాస్టల్‌కు దిగబెట్టడం లేదు. సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. మావారికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఏమీ అనలేదు, వెళ్లి కారులో పెట్రోలు పోయించుకుని వచ్చారు.

ఒకటి మాత్రం నాకు మింగుడు పడటం లేదు. తిండి అంటే పడని పిల్ల రోజంతా ఫోనులో వంటల వీడియోలు ఎందుకు చూస్తుంది? ఈ రోజు తనే పూర్ణాలు చేసింది. తమ్ముడికి, నాన్నకు కొసరి కొసరి పెట్టింది. చేతికి అంటిన పూర్ణం నాకకుండా కొళాయి కింద కడిగేసుకుంది.

అటకమీదిపుస్తకం · జనవరి 17, రాత్రి 10.20

మీ ప్రశ్నకు ఎనభై ఏళ్ల నాడే ఒక జవాబు దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజులు. కరవు పాలైన జనాన్ని మళ్లీ మనుషుల్ని చేయడం ఎలాగో తెలుసుకోవాలని, 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను వాళ్ల సమ్మతితోనే దాదాపు ఆరు నెలలు సగం తిండి మీద ఉంచాడు. లావెక్కుతామన్న భయం వాళ్లకు లేదు. సన్నబడాలన్న కోరికా లేదు. అయినా రానురాను వాళ్ల మాటలన్నీ తిండి మీదికి మళ్లాయి. వంట పుస్తకాలు ముందేసుకుని నవలలా చదివారు. ఒక్క కంచం ముందు గంటల తరబడి కూర్చున్నారు. ఎండాకాలంలో చలి అన్నారు, స్నేహితులతో ముభావంగా మారారు. ప్రయోగం ముగిసి తిండి దొరికాక కొందరికి ఎంత తిన్నా చాలలేదు.

మీ పిల్లకు తిండి పడకపోవడం కాదు. తను ఆకలితో ఉంది. ఆ వీడియోలు చూస్తున్నది ఆ ఆకలి.

ఉప్పుమిరప · జనవరి 17, రాత్రి 10.48

అమెరికా సంగతులు అమెరికాకు సరే. అద్దాలు, మోడళ్లు, ఫ్యాషన్ షోలు ఉన్న చోట పుట్టిన జబ్బును తెనాలికి ఎందుకు తెస్తారు? మన పిల్లలకు లావు భయం ఎక్కడిది?

మనోవైద్యుడు_కోస్తా · జనవరి 18, ఉదయం 7.30

ఉప్పుమిరప గారూ, అనొరెక్సియా నెర్వోసా అన్న పేరు లండన్‌లో విలియం గల్ పెట్టినది, 1873లో. పారిస్‌లో లాసెగ్ అదే ఏడాది అదే జబ్బును వర్ణించాడు. అప్పటికి సినిమానే లేదు. తిని కక్కుకునే బులీమియాను వేరుగా గుర్తించింది జెరాల్డ్ రస్సెల్, 1979లో.

లావు భయం గురించి మీరన్నదాంట్లో మాత్రం కొంత నిజం ఉంది, అందుకే ఇక్కడ మనం ఎక్కువగా మోసపోతాం. మన పిల్లలు చాలామంది "లావైపోతాను" అనరు. "కడుపు ఉబ్బరం", "అరగడం లేదు", "గొంతు దిగడం లేదు" అంటారు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే వైద్యుడు 1990లలో తన దగ్గరికి వచ్చినవాళ్లలో ఇదే గమనించి రాశాడు. నా దగ్గరికి వచ్చేసరికి సంచిలో గ్యాస్ మాత్రల చీటీలు, రెండు ఎండోస్కోపీ రిపోర్టులు ఉంటాయి. అన్నీ నార్మల్. "ఏమీ లేదన్నారండీ" అంటూ తల్లి ఆ సంచి బల్ల మీద పెడుతుంది.

వైద్యులు మొదటి జల్లెడగా వాడే అయిదు ప్రశ్నలు ఉన్నాయి. స్కాఫ్ అంటారు, 1999లో బ్రిటన్‌లో తయారయ్యాయి. కడుపు మరీ నిండిందనిపించి కావాలని వాంతి చేసుకుంటున్నారా? ఎంత తింటున్నానో నా అదుపులో లేదన్న బెంగ ఉందా? ఈ మూడు నెలల్లో బాగా బరువు తగ్గారా? (అసలు ప్రశ్నలో ఒక అంకె ఉంది, ఇక్కడి నియమం కోసం వదిలేశాను.) అందరూ సన్నగా ఉన్నావంటున్నా మీకు లావుగా ఉన్నాననిపిస్తోందా? మీ బతుకును తిండి ఏలుతోందనిపిస్తోందా? రెండింటికి అవును అని వస్తే లోతుగా చూడాలి. జల్లెడే తప్ప తీర్పు కాదు.

మగపిల్లల తల్లిదండ్రులు కూడా చదవండి. జిమ్ముకు వెళ్లే కుర్రాడు గుడ్డు తెల్లసొన డబ్బాలో పెట్టుకుని పెళ్లికి వస్తున్నాడా, ఒక రోజు వ్యాయామం తప్పితే ఆ రోజు అన్నం మానేస్తున్నాడా? క్రమశిక్షణ అని మనం భుజం తడుతుంటాం. నర్సు గారు చెప్పిన కొలతే అక్కడా.

రేగడిమట్టి · జనవరి 18, ఉదయం 9.00

అడగడానికి సిగ్గుగా ఉంది. నేను రోజూ పచ్చి బియ్యం నములుతాను. చిన్నప్పుడు బలపాలు, ఇప్పుడు బియ్యం. గుప్పెడుతో మొదలై గ్లాసుకు చేరింది. తొలకరి మట్టి వాసన వస్తే నోరూరుతుంది. మా అత్తగారు బియ్యం డబ్బాకు తాళం వేశారు. ఇదీ ఇందులోకి వస్తుందా?

నాడిచూసేచెయ్యి · జనవరి 18, ఉదయం 9.25

మట్టి, బలపం, సున్నం లాంటి తిండి కానివాటి మీద మనసు పోయి, నెలకు పైగా తింటూ ఉంటే పైకా అంటారు. పచ్చి బియ్యం తిండి వస్తువే కానీ ఆ యావ కూడా చాలాసార్లు ఇదే దారిలో వస్తుంది. ఎక్కువమందిలో వెనక రక్తం తక్కువ, ఇనుము తక్కువ ఉంటాయి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ పరీక్షలు చేయించుకోండి. తక్కువ ఉంటే డాక్టర్ ఇనుము మాత్రలు రాస్తారు, వాటితో ఆ యావ తగ్గడం చాలామందిలో చూశాను. తాళంతో తగ్గడం మాత్రం ఒక్కరిలోనూ చూడలేదు.

మూడోషిఫ్టు · జనవరి 19, తెల్లవారుజామున 4.50

నర్సమ్మ గారూ, మీరు నన్ను వదిలేశారు. నేను మీకు మొత్తం చెప్పలేదు.

చాయ్, బిస్కెట్ల తర్వాత ఏం జరుగుతుందో రాయలేదు. వారంలో రెండు మూడు రోజులు ఇంటికి వెళ్లే దారిలో ముగ్గురికి సరిపడే బిర్యానీ పార్శిల్ కట్టించుకుంటాను. అపార్ట్‌మెంట్ సెల్లారులో కారు ఆపి, లైట్లు ఆర్పి, డ్రైవర్ సీట్లోనే తింటాను. ఆకలి ఉండదు. నాలుగో ముద్ద నుంచి రుచి కూడా తెలియదు. ఆపాలనుకుంటాను, చెయ్యి ఆగదు. డబ్బాలు వీధి చివర చెత్తకుండీలో పడేసి, నోట్లో సోంపు వేసుకుని పైకి వెళ్తాను. నా భార్య ఉప్మా పెడుతుంది. వద్దంటే ఎందుకని అడుగుతుందని అదీ తింటాను. రెండేళ్లయింది.

డాక్టర్ గారి అయిదు ప్రశ్నల్లో రెండింటికి అవును అని వచ్చింది. ఇప్పుడు కూడా సెల్లారులోనే ఉన్నాను. పార్శిల్ పక్కసీట్లో ఉంది.

నాడిచూసేచెయ్యి · జనవరి 19, ఉదయం 6.10

నాదే తప్పు తమ్ముడూ. ఎన్నింటికి తింటారన్నది చదివి ఊరుకున్నాను. ఎవరూ చూడకుండా తింటారా అని అడగనే లేదు. ఇంత అనుభవం ఉండి కూడా సన్నగా ఉన్నవాళ్ల గురించే ఆలోచించాను.

మనోవైద్యుడు_కోస్తా · జనవరి 19, ఉదయం 7.15

మూడోషిఫ్టు గారూ, మీరు రాసినదాన్ని బింజ్ ఈటింగ్ అంటాం. ఆకలి లేకుండా, గబగబా, కడుపు నొప్పెట్టేదాకా, సిగ్గుతో ఒంటరిగా తినడం, తిన్నాక తన మీద తనకే రోత. ముఖ్యంగా, ఆపలేకపోవడం. వారానికి ఒకసారి చొప్పున మూడు నెలలు సాగితే చాలు, దాన్ని రుగ్మతగానే చూస్తాం. అమెరికా మనోవైద్యుల వర్గీకరణ డీఎస్‌ఎం-5లో దీనికి సొంత చోటు దొరికిందే 2013లో. కాబట్టి మీకు దీని పేరు తెలియకపోవడంలో వింత లేదు. ఇది తిండిపోతుతనం కాదు, నయమయ్యే జబ్బు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల వైద్యం పని చేస్తుంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. దాంట్లో మొదటి మెట్టు మీకు వింతగా తోచవచ్చు. తక్కువ తినమని చెప్పం. మెలకువగా ఉన్నన్ని గంటలూ నియమంగా, కొద్ది గంటలకోసారి తినమంటాం. రాత్రి పదింటి నుంచి ఖాళీగా ఉంచిన కడుపే నాలుగింటికి పగ తీర్చుకుంటుంది.

టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సహాయం ఉంది, నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రైనా ఎత్తుతారు. మీ షిఫ్టుకు సరిపోతుంది. నేరుగా వెళ్లాలంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. బోధనాసుపత్రుల్లో ఎక్కడైనా మానసిక విభాగం ఉంటుంది.

మినపగారె · జనవరి 19, రాత్రి 8.40

ఈ రోజు ఫిజీషియన్ ఛాతీ ఎక్స్‌రే, థైరాయిడ్, షుగర్ అన్నీ రాశారు. నాడి చూసి ఈసీజీ కూడా తీయించారు. గురువారం మానసిక వైద్యులను కలవాలి. పిల్లతో ఏమని చెప్పి తీసుకెళ్లాలి? గారెల సంగతి ఎత్తనా?

హనుమకొండచెల్లి · జనవరి 19, రాత్రి 10.05

ఎత్తవద్దు అక్కా. దొంగను పట్టుకున్నట్టు ఉంటుంది. ఈసారి ఇంకా బాగా దాస్తుంది. "నువ్వు తినడం లేదు" అంటే వాదిస్తుంది, నాకు ఆ వాదనలన్నీ కంఠతా వచ్చు. "నిన్ను చూస్తే నాకు భయంగా ఉంది, ఇద్దరం వెళ్దాం" అంటే వాదించడానికి ఏమీ దొరకదు. మీ భయం మీది కదా.

ఇంకొకటి. కోలుకునేటప్పుడు "కాస్త ఒళ్లు చేశావు, బాగున్నావు" అని ఎవరూ అనకుండా చూడండి. మా పెదనాన్న ప్రేమగానే అన్నాడు. ఆ ఒక్క మాట నన్ను మళ్లీ మొదటికి తెచ్చింది. చుట్టాలకు ముందే ఫోను చేసి చెప్పండి, తర్వాత నొచ్చుకున్నా పరవాలేదు.

మెస్‌కంచాలు · జనవరి 20, ఉదయం 5.40

నేను ఆడపిల్లల హాస్టల్‌లో వార్డెన్‌ను, వేరే ఊళ్లో. మెస్ రిజిస్టరులో అందరి సంతకాలూ ఉంటాయి. నిజం మాత్రం కంచాలు తోమే చోట తెలుస్తుంది. నాకు మొదటిసారి చెప్పింది కంచాలు తోమే సుబ్బమ్మే. "ఆ మూలగది పిల్ల కంచానికి మెతుకు అంటుకోదమ్మా, ఊరికే తడిపి తెస్తుంది" అంది. నాకు ర్యాంకులు, హాజరు అడుగుతూ ఫోన్లు చేసే తల్లిదండ్రులు వందల్లో ఉన్నారు. ఏం తింటోందని అడిగేవాళ్లు పదిమంది ఉండరు. నిష్ఠూరం కాదు, ఉన్నమాట.

మినపగారె · ఫిబ్రవరి 21, సాయంత్రం 6.30

నెల తర్వాత వస్తున్నాను, మన్నించండి.

క్షయ లేదు, థైరాయిడ్ లేదు. అనొరెక్సియా అన్నారు. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. నేనైతే చేర్చుకున్న రోజునుంచే నెయ్యి, పాలు కుక్కి కుక్కి పెట్టేద్దామనుకున్నాను. అలా పెట్టకూడదట. పస్తులతో ఎండిన ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుందట. రోజూ రక్తం తీసి చూస్తూ కొద్దికొద్దిగా పెంచారు. ఇంట్లో కూర్చోబెట్టి బలవంతంగా తినిపించేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఇది చదవండి.

ఇప్పుడు ఇంట్లోనే ఉంది. మూడు పూటలు, మధ్యలో మూడుసార్లు, ఏం తినాలో, ఎంత తినాలో మేమే వడ్డించి, తినేదాకా పక్కన కూర్చోవాలి. లండన్‌లో మాడ్స్‌లీ ఆసుపత్రిలో మొదలైన పద్ధతి అని చెప్పారు డాక్టర్ గారు. మొదటి వారం మా ఇల్లు యుద్ధభూమి. ఒక రాత్రి ఇడ్లీ ప్లేటు గోడకు తగిలింది, ఆ చట్నీ మరక ఇంకా ఉంది. మావారు సెలవు పెట్టి మధ్యాహ్నం వంతు తీసుకున్నారు. నాకన్నా ఆయనకే ఓపిక ఎక్కువని ఇన్నేళ్లకు తెలిసింది. పేకముక్కలు పంచి, ఒక ఆట ఆడే లోపు రెండు ముద్దలు అన్నట్టు నడిపిస్తారు.

పరీక్షలు ఈసారి రాయడం లేదు. కాలేజీవాళ్లు ఫోను చేసి ఏడాది పాడవుతుందన్నారు. పాడవనివ్వండి అన్నాను.

ఉప్పుమిరప · ఫిబ్రవరి 21, రాత్రి 7.15

మీ అమ్మాయి విషయంలో నేను తొందరపడ్డానమ్మా. కానీ సన్నగా ఉన్న ప్రతి పిల్లకూ ఈ పేరు తగిలించవద్దన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

నాడిచూసేచెయ్యి · ఫిబ్రవరి 21, రాత్రి 7.50

తీసుకోవద్దు. సన్నదనం చూసి పేరు పెట్టేవాళ్లే, లావుగా ఉన్నవాళ్లలో ఇదే జబ్బును చూడరు. నేనే చూడలేదు కదా.

మూడోషిఫ్టు · ఫిబ్రవరి 23, తెల్లవారుజామున 3.20

14416కు చేశాను. వాళ్లు చెప్పిన చోటికి వెళ్లి నాలుగుసార్లు కూర్చుని వచ్చాను. రాత్రి ఒంటిగంటకు ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం తింటున్నాను, అలారం పెట్టుకుని. గత పది రోజుల్లో సెల్లారులో ఒక్కసారి జరిగింది. నా భార్యకు ఇంకా చెప్పలేదు.

మినపగారె · ఉగాది, రాత్రి 9.10

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. పచ్చడి గిన్నెలో వేసి ఇచ్చాను. రెండు చెంచాలు తింది. బెల్లం ఎక్కువైందని వంక పెట్టింది. ఇంతకుముందైతే బెల్లం అన్న మాటకే లేచి వెళ్లిపోయేది.

మధ్యాహ్నం బొబ్బట్టు వడ్డించాను. కంచం ఖాళీ అయింది, నేను వంటింట్లోకి వెళ్లాను. అయిదు నిమిషాలకు వెనకే వచ్చి నిలబడి, గుప్పిట తెరిచింది. సగం బొబ్బట్టు నలిగి ముద్దై ఉంది. "దాచాను అమ్మా" అంది. ఏం చేయాలో తోచక పళ్లెం పట్టాను, దాంట్లో పెట్టింది. ఇద్దరం పొయ్యి గట్టు మీదే కూర్చుని తినడానికి ముప్పావుగంట పట్టింది.

నెలసరి ఇంకా రాలేదు. నాడి 62. శుక్రవారం మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆ బొబ్బట్టు సంగతి ఆయనకు చెప్పమంటారా, లేక అది తనే చెప్పుకోవాలా? హనుమకొండ చెల్లీ, ఇది చూస్తే జవాబు రాయి.

హనుమకొండచెల్లి · ఉగాది మర్నాడు, ఉదయం 7.00

తననే అడగండి అక్కా. "నేను చెప్పనా, నువ్వు చెబుతావా" అని. ఏం చెప్పినా సరే అనండి.